గోడలు దాటిన ఆజ్ఞ
(ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ జీవిత రేఖలు)

ఇంట్లో టెలివిజన్ ఒక్కటే. దాని ముందు కూర్చునేవారు పదిమంది. అప్పుడు రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్నది నేటి కుటుంబాలలో చిన్న సమస్య కాదు. వార్తలు వినగోరే తాతగారికీ, ఆట చూడగోరే మనుమనికీ నడుమ ఆ చిన్న డబ్బా ఒక రాజదండంగా మారిపోయింది. అందుచేతనే చాలా ఇళ్లలో నేడు రెండవ రిమోటూ, మూడవ రిమోటూ వచ్చి చేరాయి. మంచం విడిచి లేవలేని పెద్దల తలగడ పక్కన ఒకటి, పిల్లల చదువుబల్ల మీద ఒకటి. తిరుపతి, చిత్తూరు బజారులలోని చిన్న దుకాణాలలో సైతం ఇవి లభిస్తున్నాయి. తెచ్చి మీట నొక్కితే, అదే టెలివిజన్ కొత్త రిమోటు మాట కూడా పాత దాని మాటవలెనే వింటుంది. ఒక యజమానికి పలువురు సేవకులు ఉండటం లోకంలో చూచినదే. ఒక్క సేవకుడు ఇందరు యజమానులకు సమానంగా విధేయుడై ఉండటం మాత్రం వింతే.

ఈ వింత వెనుక ఉన్న సూత్రం సరళమైనది. రిమోటు ముఖాన ఉన్న చిన్న దీపం మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతి సాధారణంగా సెకనుకు 38 వేల పర్యాయాల చొప్పున మిణుకుతూ, పొడవు పొట్టి విరామాలతో ఒక సంకేతాన్ని మోసుకుపోతుంది. ఆ సంకేతంలో రెండు భాగాలుంటాయి. మొదటిది ఏ యంత్రానికి చెందిన ఆజ్ఞ అన్న చిరునామా. రెండవది ఏమి చేయవలెనన్న ఆదేశం. టెలివిజన్ అడుగున ఉన్న నల్లని చిన్న కన్ను దానిని గ్రహించి, చిరునామా తనదైతే ఆదేశాన్ని నెరవేరుస్తుంది, కాకుంటే ఊరుకుంటుంది. పంపినది ఏ రిమోటు, నొక్కినది ఎవరి వేలు అన్న విచారణ దానికి లేదు. సంకేతం సరియైనదా కాదా అన్నదొక్కటే దానికి కావాలి.

మనిషి కనిపెట్టిన ఈ చిన్న యంత్రానికి ఉన్న ఈ గుణం మనిషికి మాత్రం అంత సులభంగా అలవడలేదు. తీగ లేకుండా, చేయి తగలకుండా, గోడకు ఆవల ఉన్న వస్తువును పనిచేయించి లోకానికి చూపిన తొలి మహనీయులలో ఒకరు మన దేశీయుడు. ఆయన చెప్పిన పాఠం సరియైనదా అని చూడక, చెప్పినవాడు ఎవడని చూచి జీతం కట్టిన కాలంలో ఆయన జీవించాడు. ఆయనే ఆచార్య జగదీశ్ చంద్ర బోస్.

బోస్ 1858 నవంబరు 30వ తేదీన తూర్పు బెంగాలులో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేటు, బ్రహ్మసమాజ భావాలు గలవాడు. తన కింది ఉద్యోగులు సైతం తమ కుమారులను ఇంగ్లీషు బడికి పంపుతున్న ఆ రోజులలో, ఆయన తన బిడ్డను ఫరీద్‌పూర్‌లోని మాతృభాషా పాఠశాలకు పంపాడు. మొదట తల్లిభాష రావాలి, తన ప్రజలు తెలియాలి, పరభాష తరువాత అన్నది ఆయన నిశ్చయం. ఆ బడిలో బాలుని కుడిపక్కన తండ్రి వద్ద పనిచేసే ముస్లిం బంట్రోతు కుమారుడూ, ఎడమపక్కన ఒక జాలరి కుమారుడూ కూర్చునేవారు. ఆ స్నేహితులు చెప్పే పక్షుల కథలు, చేపల కథలు, నదీగర్భంలోని వింతలు విని ఆ బాలుడు మైమరచిపోయేవాడు. ప్రకృతి రహస్యాలపై తనకు కలిగిన ఆసక్తికి ఆ కథలే బీజమని ఆయన పెద్దవాడైన పిమ్మట ఒక సభలో కృతజ్ఞతతో స్మరించుకున్నాడు. బడి విడిచాక మిత్రులతో ఇంటికి వస్తే, ఆచారవంతురాలైన తల్లి వారందరికీ భేదం లేకుండా అన్నం పెట్టేది. హిందువులకూ ముస్లింలకూ నడుమ ఒక సమస్య ఉన్నదని తనకు బాల్యంలో తెలియనే తెలియదని కూడా ఆయన చెప్పుకున్నాడు. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపించే ప్రాంగణంలో చదువుకునేవారికి ఈ విషయాన్ని వివరించనక్కరలేదు.

తరువాత కలకత్తాలో హేర్ స్కూలు, సెయింట్ జేవియర్స్ విద్యాలయాలలో చదువు సాగింది. అక్కడ ఫాదర్ లాఫాఁ అనే ఆచార్యుడు ప్రయోగాలు చేసి చూపుతూ భౌతికశాస్త్రం బోధించేవాడు. యువకుని దృష్టిని శాస్త్రం వైపు మరలించిన పుణ్యం ఆయనదే. 1880లో బోస్ వైద్యవిద్య కోసం ఇంగ్లండు వెళ్లాడు. ప్రజాహితం కోసం తండ్రి తలపెట్టిన పరిశ్రమలు, వ్యాపారాలు కొన్ని అప్పటికే దెబ్బతిని కుటుంబం అప్పులలో ఉన్నది. తన నగలు అమ్మి అయినా కుమారుని పంపుతానని తల్లి ముందుకు వచ్చింది. లండనులో పదే పదే జ్వరం తిరగబెట్టడంతో వైద్యవిద్య విడిచి, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతిశాస్త్రాలు చదివాడు. లార్డ్ రేలీ వంటి మహాశాస్త్రజ్ఞుని శిష్యరికం అక్కడ లభించింది. 1884లో పట్టభద్రుడై స్వదేశం చేరుకున్నాడు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యునిగా తాత్కాలిక నియామకం లభించింది. ఇక్కడనే ఆయన జీవితంలోని తొలి అగ్నిపరీక్ష ఎదురయింది. ఆనాటి విద్యాశాఖలో ఐరోపా ఆచార్యునికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయునికి దక్కేది. నియామకం తాత్కాలికమైనందున ఆ రెండు వంతులలోనూ సగం కోత. అనగా ఒకే తరగతి, ఒకే పాఠం, ఒకే శ్రమ, కాని దక్కేది మూడవ వంతు. భారతీయులు తర్కానికీ వేదాంతానికీ తగుదురుగాని కచ్చితమైన విజ్ఞానశాస్త్రానికి తగరన్న అభిప్రాయం అధికారులలో బలంగా ఉండేది.

బోస్ ఉద్యోగానికి రాజీనామా చేయలేదు, వాదులాటకు దిగలేదు. పాఠం చెప్పడం ఒక్కరోజు కూడా మానలేదు. జీతం మాత్రం ముట్టలేదు. నెలలు గడిచాయి, సంవత్సరం గడిచింది, మూడు సంవత్సరాలు గడిచాయి. ఇంట అప్పులవారి ఒత్తిడి. 1887లో వివాహం. ఆయన సహధర్మచారిణి అబలాదేవి మన దక్షిణాదికి పరాయి కాదు. వైద్యవిద్య కోసం 1882లో మద్రాసు వచ్చి, ఆరోగ్యం అనుకూలించక చదువు మధ్యలో విడిచి వెళ్లిన విదుషీమణి ఆమె. కొత్త సంసారాన్ని జీతం లేకుండా నడపడమంటే ఏమిటో నెలాఖరు నెరిగిన ఏ ఉపాధ్యాయునికైనా తెలుసు. ఆ దంపతులు దానిని నోరెత్తకుండా భరించారు. చివరకు ఆయన బోధనను కళ్లారా చూచిన కళాశాల అధ్యక్షుడూ, విద్యాశాఖాధిపతీ తమ పొరపాటు గ్రహించారు. ఉద్యోగం స్థిరమయింది. నియామకపు తొలినాటి నుంచి లెక్కగట్టి పూర్తి జీతం ఒక్కసారిగా చేతికి వచ్చింది. ఆ ధనంతో ఆయన చేసిన మొదటి పని తండ్రి అప్పులు తీర్చడం.

1894 నవంబరు 30వ తేదీ. ముప్పదియారవ పుట్టినరోజు. ఆనాటి నుంచి తన జీవితం నూతన జ్ఞానాన్వేషణకే అంకితమని బోస్ సంకల్పించుకున్నాడు. విద్యుదయస్కాంత తరంగాలు ఉండి తీరవలెనని 1860లలో మాక్స్‌వెల్ గణితంతో నిరూపించగా, 1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ వాటిని ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. 1894లో హెర్ట్జ్ మరణానంతరం ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ ఆ తరంగాలపై ఇచ్చిన ఉపన్యాసం ముద్రితమై బోస్ చేతికి అందింది. హెర్ట్జ్ తరంగాల పొడవు మీటర్లలో లెక్కకు వచ్చేది. అంత పొడవైన తరంగాలతో కాంతివలె ప్రవర్తించే లక్షణాలను చిన్న గదిలో పరీక్షించడం దుస్సాధ్యం. బోస్ వాటిని పొట్టివి చేశాడు. అయిదు మిల్లీమీటర్ల వరకు దించాడు. నేడు మిల్లీమీటర్ తరంగాలని ప్రపంచమంతా చెప్పుకొనేవి ఇవే.

ఆయనకున్న ప్రయోగశాల ఏపాటిది? కళాశాలలో ఒక మూల చిన్న గది. సహాయకుడు ఒక తగరపు పనివాడు. వారానికి ఇరవైకి పైబడిన గంటల బోధన ముగిసిన తరువాత మిగిలిన సమయమే పరిశోధనకు. పరికరాలు చాలవరకు తాను రూపకల్పన చేసి అక్కడే చేయించుకున్నవే. తరంగాల ధ్రువణాన్ని పరీక్షించడానికి ఒక రైల్వే టైంటేబుల్ పుస్తకం పుటల నడుమ తగరపు రేకులు దూర్చి వాడుకున్నాడు. తరంగాన్ని మెలిదిప్పడానికి బెంగాలు పొలాలలో విరివిగా పండే జనపనారను పేనికట్టలుగా చేసి వాడాడు. పరికరాలు లేవని పరిశోధన మానేవారికి ఆ జనపనార చాలు బుద్ధి చెప్పడానికి.

1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆయన జరిపిన ప్రదర్శన చరిత్రలో నిలిచిపోయింది. సభకు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు అధ్యక్షుడు. బోస్ తన యంత్రం నుంచి తరంగాలను వదిలాడు. అవి అధ్యక్షుని భారీ శరీరం గుండా, మూడు గోడల గుండా దూసుకుపోయి 75 అడుగుల దూరంలోని గదిలో ఉన్న గ్రాహక యంత్రాన్ని చేరుకున్నాయి. అక్కడ గంట మోగింది, పిస్తోలు పేలింది, చిన్న మందుగుండు విస్ఫోటం చెందింది. నడుమ తీగ లేదు, తాడు లేదు. తీగ లేకుండా సంకేతం పంపిన లాడ్జ్ వంటివారు అంతకుముందే ఉన్నారు. కాని గోడకు ఆవలి యంత్రానికి ఆజ్ఞ పంపి దానిచేత పని చేయించి బహిరంగ సభలో చూపడం మన దేశంలో అదే మొదలు, ప్రపంచంలో మొదటివాటిలో ఒకటి. మూడేళ్ల తరువాత, 1898లో, నికోలా టెస్లా న్యూయార్క్‌లో నీటితొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపాడు. తన ఇంటికీ కళాశాలకూ నడుమ ఉన్న మైలు దూరం సంకేతాలు పంపాలని బోస్ ఏర్పాట్లు చేసుకున్నా, 1896లో ఐరోపా యాత్ర వచ్చిపడి ఆ పని ఆగిపోయింది.

1896లో లండను విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు నిచ్చింది. 1897 జనవరి 29వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన తన పరికరాలను ప్రదర్శించాడు. యంత్ర నిర్మాణ రహస్యమేదీ దాచలేదు. 1901లో మళ్లీ అక్కడ ఉపన్యసించిన సందర్భంలో, ఒక తంతి సంస్థ యజమాని హక్కుపత్రం దరఖాస్తు చేతపట్టుకుని వచ్చి, లాభంలో వాటా ఇస్తాను, పెట్టుబడి నాదేనని బతిమాలాడు. బోస్ నిరాకరించాడు. ధనతృష్ణ ఒకసారి పట్టుకుంటే విడవదన్న భయం ఆయనది. ఈ సంగతి మిత్రుడు రవీంద్రనాథ్ ఠాకూరుకు లేఖలో తెలియజేశాడు. చివరకు హితైషిణులైన సోదరి నివేదిత, సారా బుల్ పట్టుబట్టడం వల్ల ఒక్క పరికరానికి అమెరికాలో దరఖాస్తు పెట్టడం జరిగింది. 1904 మార్చిలో 755840 సంఖ్యతో హక్కు మంజూరయింది. దానిని ఆయన ఎన్నడూ డబ్బు చేసుకోలేదు, కాలం చెల్లిపోనిచ్చాడు. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతం అందుకొన్నప్పుడు వాడిన పాదరస గ్రాహకం 1899లో బోస్ వివరించిన దానికి సంతతియేనని 1990ల చివర ఒక పరిశోధకుడు వాదించాడు. విద్వాంసులలో ఆ చర్చ ఎట్లున్నా, బోస్ తన జీవితకాలంలో ఆ కీర్తి కోసం తగవులాడలేదు.

ఆ హక్కు పొందిన పరికరమే మన ప్రస్తుత విషయానికి మిక్కిలి దగ్గరది. గెలీనా అనే సీసపు ఖనిజపు స్ఫటికానికి లోహపు మొన ఆనించి చేసిన గ్రాహకం అది. విద్యుత్ తరంగాలనే కాక కంటికి కనిపించే కాంతిని, కనిపించని కిరణాలను కూడా అది పసిగట్టేది. అందుకే దానిని ఆయన ఒక కృత్రిమ నేత్రంగా భావించాడు. అర్ధవాహకమనే మాట శాస్త్రంలో స్థిరపడకముందే అర్ధవాహక గ్రాహకానికి హక్కు పొందినవాడాయన. నేటి టెలివిజన్ అడుగున రిమోటు ఆజ్ఞ కోసం కాచుకుని ఉన్న నల్లని కన్ను కూడా అర్ధవాహక స్ఫటికమే. వంశవృక్షం గీస్తే ఆ కంటికి పూర్వీకుల వరుసలో కలకత్తా గెలీనా కనిపిస్తుంది.

టెలివిజన్ రిమోటు మాత్రం చాలాకాలానికి గాని రాలేదు. 1955లో అమెరికాలో జెనిత్ సంస్థ కాంతిపుంజంతో పనిచేసే రిమోటును తెచ్చింది. తెర నాలుగు మూలలా నాలుగు కాంతి కణాలు ఉండేవి. కిటికీలోంచి ఎండ పడితే ఎవరూ ఆజ్ఞాపించకుండానే టెలివిజన్ పనిచేసేది. 1956లో అదే సంస్థ మనకు వినిపించని ధ్వనితో పనిచేసే రిమోటును తెచ్చింది. 1980ల నాటికి పరారుణ కాంతి, సంకేతభాష స్థిరపడ్డాయి. సంకేతభాష వచ్చిన తరువాతనే ఒక టెలివిజనుకు పలు రిమోటులు నిరాటంకంగా అమరే వీలు కలిగింది.

నేడు రెండవ రిమోటు అమర్చుకొనేవారు గమనించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. టెలివిజన్ వెనుక ముద్రించిన మోడల్ సంఖ్య చూచి దానికి తగిన రిమోటే కొంటే మరేమీ చేయనక్కరలేదు. అన్ని కంపెనీలకూ పనికివచ్చే రిమోటైతే, వెంట వచ్చే పట్టికలోని సంఖ్యలను ఒకటొకటిగా నొక్కి మన టెలివిజన్ వినే సంఖ్యను పట్టుకోవాలి. మరొక రకం, నేర్చుకొనే రిమోటు. పాతదానిని దాని ముఖానికి ఎదురుగా ఉంచి మీట నొక్కితే, శిష్యుడు గురువు ఉచ్చారణను పట్టినట్లు అది ఆ మిణుకులను గ్రహించి దాచుకుంటుంది. పనిచేయని రిమోటును ఫోను కెమెరా ముందు ఉంచి మీట నొక్కితే, చాలా ఫోన్లలో ఆ దీపం తెల్లగానో ఊదాగానో మిణకడం కనిపిస్తుంది. కనిపించకుంటే ముందు బ్యాటరీలు మార్చి చూడాలి. రెండు రిమోటులను ఒకే క్షణాన నొక్కితే రెండు సంకేతాలు కలిసిపోయి టెలివిజన్ ఏ ఒక్కటీ వినకపోవచ్చు. ఇద్దరు ఒకేసారి మాట్లాడే ఇంట ఎవరి మాటా వినబడనట్లే. ఇటీవలి రిమోటులలో కొన్ని పరారుణ కాంతికి బదులు రేడియో తరంగాలతో పనిచేస్తాయి. వాటిని ముందుగా టెలివిజనుతో జతచేయాలి. పరారుణ కాంతి గోడ దాటలేదు, రేడియో తరంగాలు దాటగలవు. టౌన్‌హాలులో బోస్ చూపినది ఆ గోడ దాటే శక్తినే.

బోస్ తరంగాల వద్ద ఆగిపోలేదు. ఎడతెగకుండా వాడితే తన గ్రాహకం అలసినట్లు మందగించడం, విశ్రాంతినిస్తే తేరుకోవడం ఆయన గమనించాడు. నిర్జీవ లోహానికీ సజీవ కండరానికీ ఈ పోలిక ఏమిటన్న ప్రశ్న ఆయనను వృక్షాల వైపు మళ్లించింది. మొక్కల ఎదుగుదలను అనేక రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్ అనే పరికరం నిర్మించాడు. మొక్కలలో విద్యుత్ సంకేతాలు ప్రసరిస్తాయన్న ఆయన నిర్ణయం నేడు ఆమోదం పొందింది. జీవ నిర్జీవాల అభేదం గురించి ఆయన చెప్పినవన్నీ శాస్త్రం అంగీకరించలేదని కూడా చెప్పాలి. మహనీయుల జీవితం రాసేటప్పుడు పొగడ్త ఎంత అవసరమో సత్యం అంతకన్న అవసరం. 1917లో ఆయనకు సర్ బిరుదం లభించింది. అదే సంవత్సరం నవంబరు 30వ తేదీన కలకత్తాలో బోస్ పరిశోధనాలయాన్ని స్థాపించి, అక్కడి ఆవిష్కరణలు లోకం సొత్తు కావలెనని నియమించాడు. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ వంటి శిష్యులు ఆయన తరగతిలో కూర్చున్నవారే. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో ఆయన కన్నుమూశాడు.

ఆయన విడిచిన తరంగాల సంతతి మన సీమలోనే ఉన్నది. తిరుపతికి సమీపాన గాదంకిలో 1990ల తొలినాళ్ల నుంచి పనిచేస్తున్న రాడారు 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి గాలుల కదలికలను పసిగడుతున్నది. దాని తరంగం పొడవు బోస్ మిల్లీమీటర్ తరంగానికి సుమారు వేయి రెట్లు. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనిదే శ్రీహరికోట. అక్కడి నుంచి ఎగసిన ఉపగ్రహానికి భూమి మీది పలు కేంద్రాల నుంచి ఆజ్ఞలు వెళతాయి. అదీ ఒక గ్రాహకానికి పలు రిమోటులన్న ఏర్పాటే. ఏ దేశపు కేంద్రం నుంచి వచ్చినా సంకేతం సరియైనదైతే ఉపగ్రహం వింటుంది.

విద్యార్థులారా! ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి రిమోటు చేత పట్టినప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. మీ టెలివిజన్ మీ కులమడగదు, మతమడగదు, పెద్దవారా చిన్నవారా అని అడగదు. సంకేతం తెలిసిన ప్రతి చేతికీ లోబడుతుంది. జ్ఞానం కూడా అటువంటిదే. దానికి తాళం వేయనివాడు, దానిని అమ్ముకోనివాడు, తన శ్రమకు మూడవ వంతు వెలకట్టిన లోకం ముందు మూడేళ్లు మౌనంగా నిలిచి పూర్తి విలువ ఒప్పించినవాడు బోస్. బంట్రోతు కుమారునికీ జాలరి కుమారునికీ నడుమ కూర్చుని విన్న కథలతో ఆయన విద్య మొదలయింది. మీ బెంచీ మీద మీకు కుడి ఎడమల ఎవరు కూర్చున్నారో చూడండి, వారు చెప్పేది వినండి.